గ్రాంటు తేవడం కూడా ఒక వృత్తే
పాతబస్తీ యువతీ యువకులకు, మన సంఘాల కార్యదర్శులకు ఒక పాఠం

ఈ పాఠం ఎందుకు?

సభ్య సంఘాల తనిఖీకి మేము వెళ్ళినప్పుడు పాలకవర్గ సభ్యులు పాల లెక్కలే కాక వేరే సంగతులు కూడా అడుగుతూ ఉంటారు. ఈమధ్య తరచుగా వస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "మా పిల్లవాడు డిగ్రీ చదివాడు, లెక్కలు బాగా రాస్తాడు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులు తెచ్చిపెట్టే ఉద్యోగం ఉన్నదట, నిజమేనా?" అని ఒకరు అడిగితే, "మా మహిళా సంఘం తరఫున మేము గ్రాంటుకు రాయవచ్చునా?" అని మరొకరు అడుగుతారు. హైదరాబాదు పాతబస్తీలో ఈ ప్రశ్న మరింత ఎక్కువగా వినిపిస్తుంది. తలాబ్‌కట్ట, యాకుత్‌పురా, షాలిబండ, చాంద్రాయణగుట్ట వంటి చోట్ల చిన్నవీ పెద్దవీ అనేక సంస్థలు కుట్టుపని, మగ్గంపని, చదువు, ఆరోగ్యం వంటి రంగాలలో పని చేస్తున్నవి. పని చేసేవారు ఉన్నారు. ఆ పనిని కాగితం మీద పెట్టి, నిధులు అడిగి, తెచ్చిన దానికి లెక్క చెప్పగలవారు తక్కువ.

ఈ పని చేసే ఉద్యోగం ఉన్నమాట నిజమే. అందులో ప్రవేశించదలచినవారు ముందుగా ఏమి తెలుసుకోవాలో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

గ్రాంటు అనగా నేమి?

సహకార సంఘాల వారికి మూడు రకాల సొమ్ము బాగా తెలుసు. వాటా ధనం సభ్యునిది. అప్పు బ్యాంకుది, వడ్డీతో తిరిగి కట్టాలి. మిగులు సంఘం సంపాదించినది. గ్రాంటు ఈ మూడింటిలోకీ రాదు. అది ఒక నిర్ణీతమైన పనికి, నిర్ణీతమైన కాలానికి, ఒప్పుకున్న షరతులమీద ఇచ్చే సొమ్ము. తిరిగి కట్టనక్కరలేదు. అయితే దానికి లెక్క మాత్రం చెప్పితీరాలి. ఒక పనికి ఇచ్చినదానిని మరొక పనికి వాడరాదు. ఖర్చు కాక మిగిలినది, అనుమతి లేనిదే ఉంచుకొనరాదు.

విరాళానికీ గ్రాంటుకూ తేడా కూడా ఇక్కడే ఉన్నది. దాత హుండీలో వేసి వెళ్ళినది విరాళం. గ్రాంటులో ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ నడుమ ఒక ఒప్పందం ఉంటుంది. కావున గ్రాంటు తెచ్చేవాడు యాచకుడు కాడు. చేయబోయే పనికి ముందుగా మాట ఇచ్చే మనిషి.

మన పాడి చరిత్రలోనే ఉన్న ఉదాహరణ

ఈ విషయం మన రంగానికి కొత్తది కాదు. 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ మొదటి దశకు ఆధారం ఒక గ్రాంటే. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మన దేశానికి 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల వెన్ననూనె ఉచితంగా ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. ఐరోపాలో అప్పుడు పాల ఉత్పత్తులు మితిమీరి పేరుకొని ఉన్నవి.

ఉచితంగా వచ్చిన సరుకును ఉచితంగానో చౌకగానో పంచిపెట్టి ఉంటే ఏమయ్యేది? నగరాలలో పాల ధర పడిపోయి మన రైతు గేదెను అమ్ముకోవలసి వచ్చేది. జాతీయ పాడి అభివృద్ధి మండలి అధ్యక్షులు డాక్టర్ వర్గీస్ కురియన్, వారి సహచరులు ఆ దారి పట్టలేదు. పొడిని, వెన్ననూనెను పాలుగా కలిపి మన మార్కెట్టు ధరకే అమ్మించారు. వచ్చిన డబ్బుతో పాల కేంద్రాలు, శీతలీకరణ యంత్రాలు, రవాణా ఏర్పాట్లు కల్పించారు. ఆ డబ్బు నిర్వహణకై 1970లోనే భారత పాడి కార్పొరేషను ఏర్పడింది. 1987లో అది పాడి మండలిలో విలీనమైంది. ఆపరేషన్ ఫ్లడ్ మూడు దశలుగా 1996 వరకు సాగింది.

ఇందులో గ్రాంటు వృత్తివారు నేర్చుకోవలసినది ఒకటున్నది. వచ్చే సొమ్ము ఎంత అని అడిగే ముందు, అది ఎవరి బ్రతుకుమీద పడుతుంది, అది ఆగిపోయిన నాడు ఏమి మిగులుతుంది అని అడగాలి. ఐరోపా పొడి రావడం ఆగిపోయిన తరువాత మనకు పాల కేంద్రాలూ సంఘాలూ మిగిలినవి. అదే మంచి గ్రాంటుకు గుర్తు.

హైదరాబాదు చెప్పే రెండు పాఠాలు

మొదటిది నిజాము ప్రభుత్వ కాలం నాటిది. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మహాభారతానికి శుద్ధ ప్రతి తయారుచేసే పని మొదలుపెట్టింది. వందలకొద్దీ వ్రాతప్రతులను పోల్చి చూడవలసిన పని అది. సొమ్ము కోసం ఆ సంస్థ పెక్కు సంస్థానాలను ఆశ్రయించింది. హైదరాబాదు ప్రభుత్వం 1932లో యేటా 1,000 రూపాయల చొప్పున 11 సంవత్సరాలపాటు సహాయం మంజూరు చేసింది. అతిథి గృహానికి వేరుగా 50,000 రూపాయలు ఇచ్చింది. ఆ గృహం నిజాము పేరుతోనే పిలువబడుతున్నది. మహాభారత శుద్ధ ప్రతి 1966లో పూర్తి అయింది.

యేటేటా జరిగే పనికి యేటేటా ఇచ్చే సొమ్ము వేరు, కట్టడానికి ఒక్కసారి ఇచ్చే సొమ్ము వేరు. మన లెక్కలలో వీటినే ఆవర్తక వ్యయం, మూలధన వ్యయం అంటాము. ఈ రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా అడిగిన దరఖాస్తు చాలా చోట్ల బల్లమీదనే ఆగిపోతుంది.

రెండవది మనకు మరింత దగ్గరిది. కేంద్ర ప్రభుత్వం 1960 దశకంలో కొన్ని నగరాలలో పట్టణ సముదాయ అభివృద్ధి పథకాన్ని ప్రయోగంగా ప్రారంభించింది. హైదరాబాదులో ఇది 1967లో పాతబస్తీలో మొదలైంది. సముదాయ సంఘటకులు అనే ఉద్యోగులు బస్తీలకు వెళ్ళి, ముందుగా డబ్బు మాట ఎత్తకుండా, ప్రజలకు ఏమి కావాలో కనుక్కొనేవారు. కుళాయి, బాలవాడి, కుట్టు కేంద్రం ఏదైనా సరే, బస్తీవారు తమ వంతు శ్రమనో స్థలాన్నో కొద్ది సొమ్మునో ఇవ్వవలసి ఉండేది. ఆ పని చూసిన మీదట 1970 దశకంలో యూనిసెఫ్ సహాయం వచ్చింది. పేదల ఇండ్ల నిర్మాణానికి బ్యాంకుల అప్పులు వచ్చినవి. 1980 దశకంలో బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నగరంలో అమలైంది.

ఇక్కడి వరుసను గమనించండి. ముందు చిన్న పని, తరువాత ప్రజల వాటా, ఆ తరువాతనే పెద్ద సొమ్ము. వృత్తిలో కొత్తగా చేరినవారు ఈ వరుసను తలక్రిందులు చేయజూస్తారు. పెద్ద సొమ్ము వస్తే పని మొదలుపెడతామంటారు. అటువంటివారికి ఇచ్చే సంస్థ అరుదు.

ఈ ఉద్యోగంలో చేసే పని ఏమి?

చాలామంది ఇది ఇంగ్లీషులో మంచి ఉత్తరం రాసే పని అనుకుంటారు. రాయడం అందులో ఒక భాగం మాత్రమే. ఏడాది పనిని మొత్తంగా చూస్తే ఈ విధంగా ఉంటుంది.

1. సంస్థ చేసే పనిని బస్తీకి వెళ్ళి చూడడం, లెక్కలు సేకరించడం.
2. ఆ పనికి ఎవరు సొమ్ము ఇస్తారో వెతకడం, వారి షరతులు చదవడం.
3. ప్రతిపాదన, అంచనా వ్యయం తయారు చేయడం.
4. సంస్థ రిజిస్ట్రేషను, ఆడిటు, పన్ను పత్రాలన్నీ సరిగా ఉంచడం.
5. మంజూరైన తరువాత ఖర్చును అంచనాతో నెలనెలా సరిచూడడం.
6. గడువులోగా నివేదిక, వినియోగ ధ్రువపత్రం పంపడం.

మన సంఘ కార్యదర్శికి ఇవి చాలావరకు తెలిసిన పనులే. ఆయన పాలు పుచ్చుకొనేటప్పుడు కొలత ఒక్కటే చూడడు. వెన్న శాతం చూస్తాడు, వెన్న కాని ఘనపదార్థాల శాతం కూడా చూస్తాడు. రెండూ సరిపోతేనే ధర కడతాడు. గ్రాంటు ఇచ్చేవారు కూడా అంతే. అవసరం ఎంత ఉన్నదో చూస్తారు, దానిని తీర్చే శక్తి ఈ సంస్థకు ఉన్నదా లేదా అనేదీ చూస్తారు. అవసరాన్ని కన్నీళ్ళతో వర్ణించి, శక్తిని గురించి ఒక్క ముక్క కూడా రాయని ప్రతిపాదన వెన్న ఉండి ఘనపదార్థాలు లేని పాలవంటిది.

సొమ్ము ఎక్కడినుండి వస్తుంది?

మొదటిది, ప్రభుత్వం. కేంద్ర, రాష్ట్ర శాఖల పథకాలకు నియమాలు అచ్చువేసి ఉంటవి. కేంద్ర గ్రాంటు పొందిన సంస్థ, సాధారణ ఆర్థిక నియమావళి 2017 ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా ఫారం 12-ఎ లో వినియోగ ధ్రువపత్రం పంపాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పట్టికలో సంస్థ పేరు నమోదై ఉండడం చాలా పథకాలకు అవసరం.

రెండవది, కంపెనీలు. కంపెనీల చట్టం 2013, సెక్షను 135 ప్రకారం, నికర విలువ 500 కోట్లు గాని, వ్యాపారం 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గత మూడేండ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయాలి. ఈ నియమం 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. కంపెనీలు ఈ పనిని ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా చేయించదలిస్తే, ఆ సంస్థకు మూడేండ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖవారి రిజిస్ట్రేషను ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుండి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారంలో నమోదు కూడా కావాలి.

మూడవది, దేశంలోని ధర్మనిధులు, ట్రస్టులు. వీటిలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క ఆసక్తి. విద్యకు ఇచ్చేది వైద్యానికి ఇవ్వదు. దరఖాస్తు పంపే ముందు, గత రెండు మూడేండ్లలో వారు దేనికి ఇచ్చారో చూడడం వృత్తిధర్మం.

నాలుగవది, విదేశీ సహాయం. దీనికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. 1976 నాటి చట్టం స్థానే 2010లో కొత్త చట్టం వచ్చింది, 2020లో దానిని సవరించారు. రిజిస్ట్రేషను కోరే సంస్థకు సాధారణంగా మూడేండ్ల వయస్సు, ఆ మూడేండ్లలో కనీసం 15 లక్షల రూపాయల సేవా వ్యయం ఉండాలి. సొమ్ము న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం మించరాదు. వచ్చిన సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. ఈ చివరి నియమం వచ్చిన తరువాత, పెద్ద సంస్థల ద్వారా విదేశీ సొమ్ము అందుకొంటూ ఉండిన చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. కావున చిన్న సంస్థలో చేరే యువకుడు మొదటి మూడు దారులే ముందుగా నేర్చుకోవడం మంచిది.

ఇక్కడ మన కార్యదర్శులకు ఒక హెచ్చరిక. సహకార సంఘం తన సభ్యుల ఆర్థిక ప్రయోజనం కోసం ఏర్పడినది. స్వచ్ఛంద సంస్థ సొసైటీల రిజిస్ట్రేషను చట్టం క్రిందనో, ట్రస్టుగానో ఏర్పడి, లాభం పంచుకోకుండా ఇతరులకు సేవ చేసేది. తెలంగాణ ప్రాంతంలో ఒకప్పుడు 1350 ఫస్లీ నాటి చట్టం ఉండేది, ఇప్పుడున్నది 2001 నాటి చట్టం. పేరులో రెండూ "సొసైటీ"లే అయినా చట్టాలు వేరు. పాడి సంఘం జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం వంటి ప్రభుత్వ పథకాల సహాయం సమాఖ్య ద్వారా పొందవచ్చును. ధర్మసంస్థ నని చెప్పుకొని కంపెనీలకు దరఖాస్తు పెట్టడం మాత్రం తగదు.

ప్రతిపాదన తయారు చేయు క్రమం

ఒక ఉదాహరణ తీసుకుందాము. పాతబస్తీలో మగ్గంపని చేసే తల్లుల పిల్లలకు ఒక శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని ఒక సంస్థ సంకల్పించిందనుకుందాము. పిల్లలు 30 మంది, ఏడాదికి 300 పని దినాలు.

ఇద్దరు ఆయాలు, నెలకు 12,000 చొప్పున: 2,88,000 రూపాయలు.
ఒక వంటమనిషి, నెలకు 10,000: 1,20,000.
అద్దె, నెలకు 8,000: 96,000.
పాలు, పిల్లకు రోజుకు 200 మిల్లీలీటర్లు, ఏడాదికి 1,800 లీటర్లు, లీటరు 60 చొప్పున: 1,08,000.
తిండి, పిల్లకు రోజుకు 20 చొప్పున: 1,80,000.
లెక్కలు, ఆడిటు: 28,000.
చాపలు, పాత్రలు, మందుల పెట్టె, ఒకేసారి: 60,000.
మొత్తం: 8,80,000 రూపాయలు.
తల్లుల వాటా, నెలకు 200 చొప్పున: 72,000.
అడిగే గ్రాంటు: 8,08,000 రూపాయలు.

ఒకేసారి పెట్టే 60,000 తీసివేస్తే ఆవర్తక వ్యయం 8,20,000. అనగా పిల్ల ఒక్కింటికి నెలకు సుమారు 2,278 రూపాయలు. గ్రాంటు ఇచ్చేవారు మొట్టమొదట చూసే అంకె ఇదే. దీనిని వారు వేసుకొనే లోపల మీరే వేసి చూపాలి.

ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే, ధరలు చోటునుబట్టి మారతవి. గమనించవలసినది అంకె వెనుక ఉండే లెక్క. "పాలు: 1,08,000" అని ఊరికే రాస్తే ఎవరూ నమ్మరు. ఎంతమంది, ఎంత కొలత, ఎన్ని రోజులు, ఏ ధర అని రాస్తే తనిఖీ చేయడానికి వీలుంటుంది. తనిఖీకి నిలిచే అంకెకే విలువ.

తల్లుల వాటా చిన్నదే. అయినా దానిని వదలరాదు. నెలకు 200 కట్టిన తల్లికి పాలు పలుచబడిన రోజున నిలదీసి అడిగే హక్కు వస్తుంది. పదిమంది తల్లులు అడిగే చోట, తనిఖీదారు ఏడాదికి ఒకసారి వచ్చినా పని చెడదు.

ఇక రాయవలసిన వరుస. సమస్య ఏమి, ఎవరిది, ఏ బస్తీలో. ఇంతకుముందు ఏమి చేశారు. ఇప్పుడు ఏమి చేస్తారు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా. ఎంత అవుతుంది. పని జరిగినదని ఎట్లా తెలుస్తుంది. సొమ్ము ఆగిన తరువాత ఏమి చేస్తారు. ఈ ఆరింటికి తేట మాటలలో జవాబు ఉంటే నాలుగు పుటలు చాలును.

వినియోగ ధ్రువపత్రం విషయం

పాతబస్తీలో ఒక చిన్న సంస్థ పుస్తకాలు చూడడం మాకు ఒకసారి తటస్థించింది. 40 మంది ఆడవారికి కుట్టు శిక్షణ ఇచ్చే కేంద్రం. గ్రాంటు రెండు వాయిదాలలో రావలసి ఉన్నది. మొదటి వాయిదాతో మిషన్లు కొన్నారు, శిక్షణ మొదలైంది. పని నిజంగానే జరిగింది, సొమ్ము ఎవరూ తినలేదు. అయితే గుడ్డ, దారం కొన్న వాటికి చిల్లర చీటీలే తప్ప రసీదులు లేవు. రెండు బిల్లులు సంస్థ పేరున కాక కొన్న మనిషి పేరున ఉన్నవి. హాజరు పుస్తకం మూడు నెలలకే ఆగింది. ప్రతిపాదన రాసిచ్చిన పెద్దమనిషి మంజూరైన సొమ్ములో తన శాతం తీసుకొని మరొక ఊరు వెళ్ళిపోయాడు. వినియోగ ధ్రువపత్రం ఎవరు రాయాలో కూడా కేంద్రం నడిపే ఆమెకు తెలియదు. రెండవ వాయిదా రాలేదు. అద్దె కట్టలేక గది ఖాళీ చేశారు. మిషన్లను ఒకరి ఇంటి మేడమీద పెట్టి తాళం వేశారు. శిక్షణ సగంలో ఉన్న ఆడవారు తిరిగి ముక్క లెక్కన గుండీలు కుట్టే పనికి వెళ్ళారు.

ఈ వృత్తిలో చేయి జారితే పోయేది కాగితం కాదు, ఇటువంటివారి బ్రతుకు. చదువరులు ఈ సంగతి ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

జీతమా, కమీషనా?

పై ఉదాహరణనుబట్టే ఈ ప్రశ్నకు జవాబు తెలుస్తుంది. గ్రాంటులో ఇంత శాతం అని మాట్లాడుకొని పని చేయడం తగదు. ఇతర దేశాలలో నిధుల సమీకరణ వృత్తివారి సంఘాలు కూడా తమ నియమావళిలో దీనిని నిషేధించినవి. కారణాలు మూడు. కమీషను కోసం పని చేసేవాడు అవసరానికి మించి అడుగుతాడు. మంజూరుతోనే అతని పని ముగుస్తుంది, లెక్క చెప్పే బాధ్యత అతనికి ఉండదు. పిల్లల పాల కొరకు ఇచ్చిన సొమ్ములో దాతకు తెలియని వాటా కోసుకోవడం న్యాయం కాదు.

జీతం మీద పని చేయాలి. లేదా చేసిన పనికి, పట్టిన దినాలకు ముందుగా ఒప్పుకున్న రుసుము పుచ్చుకోవాలి. గ్రాంటు రాకపోయినా అది చెల్లించవలసినదే. మంచి ప్రతిపాదనలు కూడా పదింట ఎన్నో తిరిగి వస్తవి, అది వృత్తిలో సహజం. చిన్న సంస్థలలో మొదటి జీతం ఎక్కువగా ఉండదు. ఆ మాట ముందే తెలిసి చేరాలి.

ఎట్లా ప్రవేశించాలి?

ఈ వృత్తికి ఫలానా డిగ్రీ ఉండి తీరాలనే నియమం లేదు. సోషల్ వర్క్, వాణిజ్యం, సహకారం చదివినవారికి కొంత సౌకర్యం ఉన్నది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ సోషల్ వర్క్ కోర్సు ఉన్నది. పాడి, సహకార రంగాలవైపు మొగ్గు ఉన్నవారికి 1979లో ఆనంద్‌లో స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థ ఉన్నది. ఇది 2025లో త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా రూపొందింది.

చదువు ఏదైనా, మొదటి రెండేండ్లు ఈ క్రమం పాటించమని మా సలహా.

మొదటి ఆరు నెలలు: ఒక చిన్న సంస్థలో లెక్కల సహాయకులుగానో, క్షేత్ర కార్యకర్తగానో చేరండి. నగదు పుస్తకం, వోచరు, హాజరు పట్టీ మీ చేతులమీదుగా నడవాలి. ఖర్చు ఎట్లా అవుతుందో తెలియనివానికి అంచనా వేయడం రాదు.

తరువాతి ఆరు నెలలు: ఆ సంస్థకు గతంలో వచ్చిన గ్రాంటుల ఫైళ్ళు, తిరస్కరించబడిన దరఖాస్తులు కూడా, చదవండి. పాత గ్రాంటుకు ఒక వినియోగ ధ్రువపత్రం, ఒక వార్షిక నివేదిక మీరే తయారు చేసి పెద్దలకు చూపండి. ముగింపు రాయడం వచ్చినవానికి ఆరంభం రాయడం సులభం.

రెండవ ఏడు: చిన్న మొత్తాలకు ప్రతిపాదనలు రాయండి. లక్ష రెండు లక్షల సహాయం తెచ్చి, సరిగా ఖర్చుపెట్టించి, గడువులోగా లెక్క పంపిన అనుభవం ఒక్కటి ఉంటే, రెండవ సంస్థలో మీకు ఉద్యోగం దొరకడం కష్టం కాదు.

భాషల విషయం కూడా చెప్పాలి. పాతబస్తీలో తల్లులతో మాట్లాడడానికి ఉర్దూ కావాలి. రాష్ట్ర కార్యాలయాలలో తెలుగు అక్కరకు వస్తుంది. ప్రతిపాదన చాలావరకు ఇంగ్లీషులో పోతుంది. ఈ మూడూ వచ్చిన పాతబస్తీ పిల్లలు బయటివారికంటే ఒక అడుగు ముందే ఉన్నారు. ముఖ్యంగా ఆడపిల్లలు ఇండ్లలోనికి వెళ్ళి మాట్లాడగలరు, మగవారికి చెప్పని సంగతులు వారికి చెబుతారు. ఈ వృత్తిలో వారు రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

గ్రాంటు ముగిసిన నాడు

పైన చెప్పిన శిశు కేంద్రానికి రెండేండ్ల గ్రాంటు వచ్చిందనుకుందాము. మూడవ ఏట తల్లుల వాటాను నెలకు 500 కు పెంచినా వచ్చేది 1,80,000 మాత్రమే. ఆవర్తక వ్యయంలో ఇంకా 6,40,000 కావాలి. మగ్గం ముందు రోజంతా వంగి కూర్చొనే తల్లి అంతకుమించి కట్టలేదు. కావున "రెండేండ్లలో కేంద్రం తన కాళ్ళమీద నిలబడుతుంది" అని ప్రతిపాదనలో రాస్తే అది అబద్ధం అవుతుంది. ఇటువంటి వాక్యాలు రాయడం ఈ వృత్తిలో ఎక్కువగా కనిపించే దోషం.

నిజం ఏమిటంటే కొన్ని పనులు అమ్మకంమీద నడుస్తవి, కొన్ని నడవవు. కుట్టు కేంద్రం కొంతకాలానికి తన ఖర్చు తాను సంపాదించుకోవచ్చును. పసిపిల్లల కేంద్రం సంపాదించలేదు. దానికి మొదటి ఏటినుండే ప్రభుత్వ పథకంతో ముడి వేయడానికి ప్రయత్నించాలి. 2022 నుండి మిషన్ శక్తి క్రింద ఉన్న పాల్నా పథకం ఇటువంటిదే. లేదా ఇద్దరు ముగ్గురు దాతలను వేరువేరు కాలాలకు కుదుర్చుకోవాలి, అందరి గడువూ ఒకే మార్చి నెలలో ముగియకుండా చూడాలి. పాడిరైతు ఇంట అన్ని గేదెలూ ఒకేసారి వట్టిపోకుండా చూసుకుంటాడు గదా, ఇదీ అట్లాంటిదే.

ఏ దారీ లేనప్పుడు, గ్రాంటు ముగియడానికి ఆరు నెలల ముందే తల్లులకు ఆ మాట చెప్పాలి. ఒక ఉదయం వచ్చి తాళం చూసి తిరిగి పోయే స్థితి వారికి రానీయకూడదు. సొమ్ము తెచ్చే నేర్పు ఎంతో, ఈ మాట వేళకు చెప్పగల ధైర్యం కూడా అంతే అవసరం. ఈ రెండూ ఉన్న పిల్లలు మీ గ్రామంలోనో మీ బస్తీలోనో ఉంటే, వారిని ఈ వృత్తిలోనికి ప్రోత్సహించవలసినదిగా కోరుతున్నాము.

అధ్యయన బృందాలలో చర్చకు ప్రశ్నలు

1. వాటా ధనం, అప్పు, మిగులు, గ్రాంటు: ఈ నాలుగింటికీ లెక్క చెప్పవలసినది ఎవరెవరికి?
2. ఆపరేషన్ ఫ్లడ్‌లో ఉచితంగా వచ్చిన పాలపొడిని ఉచితంగా పంచి ఉంటే మీ సంఘంలో పాలధర ఏమై ఉండేది?
3. పై శిశు కేంద్రం అంచనాలో ఒక ఆయాను తగ్గిస్తే పిల్ల ఒక్కింటికి నెల ఖర్చు ఎంత అవుతుంది? ఆ తగ్గింపు మంచిదేనా?
4. మీ సంఘం గత సంవత్సరం పొందిన ప్రభుత్వ సహాయం ఏది? దాని వినియోగ ధ్రువపత్రం నకలు మీ ఫైలులో ఉన్నదా? లేకుంటే, వచ్చే తనిఖీలోగా తెప్పించి ఉంచండి.